మైదానంలో తెర, మైకు ముందు యాత్రికుడు

కొండలెక్కినవాళ్లు, కాలినడకన దేశం చుట్టినవాళ్లు, ఎడారి దారులు పట్టుకుని పోయినవాళ్లు రాసిన పుస్తకాలు తెలుగులో తక్కువేమీ కావు. అవి రాసినవాళ్లు ఊరూరా జనం ముందుకొచ్చి ఆ కథ తమ నోటితో చెప్పడం, దానికి తోడు ఆరుబయట తెర కట్టి సాహసయాత్రల సినిమాలు వేయడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు. హైదరాబాదులోనో విశాఖలోనో ఒకటీ అరా జరుగుతుంటాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దాకా అవి రావు. ఈ మూడూ ఒకే రైలుదారి మీదున్న ఊళ్లు. 2022 ఏప్రిల్ నుంచి ఒకే జిల్లాలో, శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఎటు చూసినా గుట్టలు, గుండ్లు, కూలిన కోటగోడలు. సాహసం గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన చోటు ఇంకెక్కడ వెతుక్కుంటాం? అయినా అలాంటి పండగ ఇక్కడ ఆనవాయితీగా లేదు.

ఎందుకు లేదని అడిగితే రెండు జవాబులు తడుముకోకుండా వస్తాయి. చూసేవాళ్లు లేరు, డబ్బు లేదు. రెండూ సగం నిజాలేనని నా అభిప్రాయం. ఈ సీమ జనానికి రాత్రంతా ఆరుబయట కూర్చుని తెర చూడటం సినిమా పుట్టకముందు నుంచే తెలుసు. తెర, ప్రొజెక్టరు, సౌండు బాక్సులు అద్దెకు తెచ్చే ఖర్చు ఒక మాదిరి పెళ్లి ఊరేగింపు ఖర్చును మించదు. లేనిదల్లా యాత్రికుడికి గంటసేపు మైకు అప్పగించే సభ. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు బయటి సంగతి కొంత చూడాలి.

ఇటలీలోని ట్రెంటోలో 1952లో పర్వత చలనచిత్రోత్సవం మొదలైంది. ఈ తరహా ఉత్సవాల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదే. కెనడాలో బాన్ఫ్ 1976లో, అమెరికాలో టెల్యురైడ్ 1979లో, ఇంగ్లండులో కెండల్ 1980లో ఆ దారి పట్టాయి. మనకు దగ్గర్లో కాఠ్మండూ 2000లో మొదలుపెట్టింది. వీటిలో బాన్ఫ్ కథ మనకు పనికొచ్చేది. పదివేల జనాభా కూడా లేని కొండ ఊరది, మన పెనుకొండ కంటే చిన్నది. ఒక్కరోజు సినిమాలతో మొదలై ఇప్పుడు వారం దాటి సాగుతుంది. అక్కడ పుస్తకానికీ సినిమాకూ వేర్వేరు పందిళ్లు వేయరు. కొండలెక్కే రచయిత వేదిక మీదికొచ్చి తాను తీసిన ఫొటోలు చూపిస్తూ కథ చెబుతాడు. పుస్తకాలకు పోటీ, బహుమతులు ఉంటాయి. రాత్రి సినిమాలు పడతాయి. ఉత్సవం అయిపోయాక ఎంపికైన సినిమాలు దాదాపు 40 దేశాలు తిరుగుతాయి. ఊరు చిన్నదైనా సినిమాలు తిరుగుతుంటాయి కాబట్టి దాని పేరు ఎక్కడెక్కడికో పోయింది. హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగుళూరు దాకా ఆ సినిమాలు వచ్చాయి. అక్కడ అవి ఇంగ్లీషులో, మూసిన హాల్లో, టిక్కెట్టు మీద పడతాయి. ఆ వంద కిలోమీటర్లు దాటించే మనిషి ఇంకా పుట్టలేదు.

ఇంకో ముచ్చట ఉంది. 2003లో 'పిల్గ్రిమేజ్' అని ఒక అమెరికన్ సినిమా వచ్చింది. క్రిస్ షర్మా అనే పేరుమోసిన క్లైంబరు తన నేస్తాలతో హంపీ వచ్చి, తాళ్లు లేకుండా అక్కడి గుండ్లు ఎక్కిన కథ. ఆ సినిమా చూసి హంపీ గుండ్ల కోసం ప్రపంచం నలుమూలల నుంచి క్లైంబర్లు రావడం పెరిగింది. లేపాక్షి దారిలో, మడకశిర చుట్టుపక్కల, పెనుకొండ వెనక ఉన్నవీ అలాంటి నల్లరాతి గుండ్లే. మన గుండ్ల మీద తీసిన ఒక్క సినిమా లేదు. హంపీ సినిమాను మన ఊళ్లో వేసి చూపించిన సందర్భమూ నాకు కనబడలేదు.

బయటివాళ్లు చేసిందంతా ఒప్పని కాదు. రచయితను, యాత్రికుణ్ని జనం ముందు నిలబెట్టడంలో ఒక చిక్కుంది, సాహసం ఇట్టే తమాషాగా మారిపోతుంది. 1924 ఎవరెస్టు యాత్ర సంగతే తీసుకోండి. మాలరీ, ఇర్విన్ కొండ మీదే పోయిన యాత్ర అది. దానికి సినిమా తీసిన జాన్ నోయెల్ సినిమా హక్కులను 8,000 పౌండ్లకు ముందే కొనుక్కున్నాడు. పెట్టుబడి రాబట్టుకోవాలి. కొండ ఎక్కలేకపోయిన కథకు జనం వస్తారో రారోనని టిబెట్‌లోని గ్యాంట్సే నుంచి ఏడుగురు లామాలను లండన్ తీసుకొచ్చాడు. సినిమాకు ముందు వేదిక మీద వాళ్లతో బూరలు ఊదించాడు, నాట్యం చేయించాడు. లాసాలో పెద్దలకు మండిపోయింది. పవిత్రమైన నాట్యాన్ని టిక్కెట్టు పెట్టి ఆడించారన్నది ఒక ఫిర్యాదు. సినిమాలో టిబెటన్లను చులకన చేశారన్నది మరొకటి. ఫలితం ఏమిటంటే, 1933 దాకా మరో బ్రిటిష్ జట్టు ఎవరెస్టు వైపు అడుగుపెట్టలేకపోయింది. పెనుకొండలోనో ధర్మవరంలోనో ఏదైనా మొదలుపెట్టేవాళ్లు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి. స్థానిక కళాకారుణ్ని ప్రారంభానికి ముందు అలంకారంగా నిలబెడితే అది నోయెల్ చేసిన పనే అవుతుంది.

ఇక మన అలమర చూద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయల్దేరి, వందమంది దాకా పరివారంతో కాశీ పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. రోజువారీ రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. అప్పటికి ఆయన లేరు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో బియ్యం దొరుకుతుంది, ఏ అడవిలో దొంగల భయం అన్నీ రాశారు. మన యాత్రా రచనకు పునాది అదే. మన కాలంలో ఆచార్య మాచవరపు ఆదినారాయణ కాలినడకన దేశం తిరిగి 'భ్రమణ కాంక్ష' రాశారు, ఖండాలు దాటి 'భూభ్రమణ కాంక్ష' రాశారు. అక్కడితో ఆగకుండా ఇతరుల యాత్రలు ఏరి 'తెలుగువారి ప్రయాణాలు', 'స్త్రీ యాత్రికులు' వెలువరించారు. పరవస్తు లోకేశ్వర్ సిల్కు రూటులో తిరిగి రాసిన పుస్తకానికి పేరులోనే 'సాహస యాత్ర' అని పెట్టుకున్నారు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో స్కూటరు మీద తిరిగి మరో పుస్తకం రాశారు. స్కూటరు మీద అడవి యాత్ర! హైస్కూలు పిల్లలకు ఇంతకంటే నోరూరించే కథ ఏముంటుంది?

ధర్మవరానికి ఈ అలమరలో సొంత వాటా ఉంది. తిరుమల రామచంద్ర 1913లో పుట్టింది ధర్మవరం దగ్గరి రాఘవంపల్లిలో. స్వాతంత్య్రోద్యమం, జైలు, సైన్యం, లాహోరులో తాళపత్రాల మధ్య కొలువు, ఆ తర్వాత పత్రికల్లో ఏళ్ల తరబడి పని, ఇవన్నీ ఒకే మనిషి జీవితంలో జరిగాయంటే నమ్మడం కష్టం. ఆత్మకథకు 'హంపీ నుంచి హరప్పా దాక' అని పేరు పెట్టుకున్నారు. ఆయన 1997లో పోయారు, 2001లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కొండ ఎక్కితేనే సాహసం అనుకునేవాళ్లకు ఈ పుస్తకం చేతికివ్వాలి. చేతిలో పైసా లేకుండా, ఎక్కడ అన్నం దొరుకుతుందో తెలియకుండా, సంస్కృతం ఒక్కటే మూటగట్టుకుని ఉత్తరాదికి పోవడం ఏ హిమాలయ యాత్రకూ తీసిపోదు. ధర్మవరంలో ఈ పుస్తకం పేరు విన్న ఇంటర్ పిల్లలు ఎంతమందో అక్కడి అధ్యాపకులే చెప్పాలి.

కొండలెక్కినవాళ్ల సంగతి వేరు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు పెట్టారు. 2015లో ఆండీస్ కొండల్లో ప్రాణం విడిచారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినప్పుడు ఆయనకు ఈ పిచ్చి అంటుకుంది. అదే స్కూల్లో చదివి 1985 ఎవరెస్టు యాత్రలో మరణించిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు విగ్రహం ఆ ఆవరణలో ఉంది. ఒక విగ్రహమే ఒక పిల్లవాణ్ని అంత దూరం నడిపిస్తే, బతికున్న మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే ఏమవుతుందో ఆలోచించండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. వెంట ఆనంద్ కుమార్ ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి బండ మీద మొదలైంది వాళ్ల శిక్షణ. పూర్ణ మీద అపర్ణ తోట ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 2017లో రాహుల్ బోస్ హిందీలో సినిమా తీశారు. తెలుగు పిల్ల కథ, పుస్తకం ఇంగ్లీషులో, సినిమా హిందీలో. మన లోటు ఎక్కడుందో ఈ ఒక్క వాక్యంలో ఉంది.

యూట్యూబు మాట ఎత్తకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. 'ఉమా తెలుగు ట్రావెలర్', 'నా అన్వేషణ' లాంటి చానళ్లు ఆఫ్రికా పల్లెల్నీ దక్షిణ అమెరికా సంతల్నీ ధర్మవరం మగ్గాల ఇళ్లలోకి తెచ్చాయి. మాట తీరు మన ఇంటి మనిషిలా ఉంటుంది, అదే వాటి బలం. అందుకే సాహస కథలకు తెలుగులో గిరాకీ లేదన్న మాట నేను ఒప్పుకోను. గిరాకీ ఉంది, ఫోనులో ఉంది. ఫోనులో చూసేవాడు ఒంటరిగా చూస్తాడు, అడగాల్సిన ప్రశ్న కామెంటు కింద పోతుంది. మైదానంలో రెండొందలమంది కలిసి చూసినప్పుడు పక్కవాడు నవ్వినచోట మనమూ నవ్వుతాం. చీకట్లో ఎవరో లేచి "అన్నా, అక్కడ భయం వెయ్యలేదా?" అని అడుగుతారు. దానికి రచయిత తడబడి చెప్పే జవాబు ఏ వీడియోలోనూ దొరకదు.

రచయితను పిలవడం అంటే మనకు తెలిసింది ఆవిష్కరణ సభ ఒక్కటే. ఆ తంతు ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఆరు గంటలకని కార్డు మీద ఉంటుంది. ఏడింటికి జ్యోతి వెలిగిస్తారు. వేదిక మీద పది కుర్చీలు. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, తొలి ప్రతి స్వీకర్త, సమీక్షకులు. ఒక్కొక్కరికీ పూలగుత్తి, శాలువ, జ్ఞాపిక, వాటితో పాటు ఫొటో. రంగు కాగితం విప్పి పుస్తకాన్ని గుండెల దాకా ఎత్తిపట్టుకుని అందరూ కెమెరా వైపు చూస్తారు. సమీక్షకుడు పుస్తకంలోని కథంతా ముందే చెప్పేస్తాడు. రచయిత స్పందన అనే ఘట్టం వచ్చేసరికి తొమ్మిదవుతుంది. హాలు వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆర్నెల్లు కొండల్లో తిరిగొచ్చిన మనిషి ఐదు నిమిషాల్లో అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చుంటాడు. మర్యాద జరిగింది, మాట జరగలేదు. సాహస రచయితకు ఈ పద్ధతి అస్సలు సరిపడదు. ఆయన దగ్గరున్నది వినిపించాల్సిన కథ, చూపించాల్సిన ఫొటోలు, చిరిగిన బూటు, చేత్తో గీసుకున్న దారి పటం.

ఇదే సీమలో దీనికి విరుగుడూ ఉంది. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు ఏ సభకు పోయినా జనం 'శివతాండవం' వినిపించమని పట్టుబట్టేవారు. ఆయన గొంతెత్తి చదివితే వచనం, పద్యం తేడా తెలియని రైతులు కూడా కదలకుండా వినేవారు. ఆ పుట్టపర్తివారు పెరిగింది పెనుకొండలోనే. ఆ కొండ మీద, ఆ శిథిలాల్లో తిరుగుతూ మీసాలు రాని వయసులో 'పెనుగొండ లక్ష్మి' రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అదే కావ్యం పాఠ్యగ్రంథంగా ఎదురొచ్చింది. సబ్‌కలెక్టరు భార్య పిట్ దొరసాని దగ్గర ఆయన ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నదీ ఈ ఊళ్లోనే. కోట ఎక్కి దిగి, చూసింది రాసి, రాసింది జనానికి గొంతెత్తి వినిపించడం అనే సంప్రదాయం పెనుకొండకు కొత్తగా నేర్పక్కర్లేదు.

తెర సంగతికొద్దాం. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రెండు తెల్ల పంచెలు కలిపి బిగించి కట్టిన తెర. వెనక ఒకప్పుడు ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఇప్పుడు బల్బు. చర్మాన్ని వెలుగు దూరేంత పలచగా గీకి, ఉలితో తొలిచి, రంగులద్దిన బొమ్మలు. కొన్ని మనిషెత్తు ఉంటాయి. తెరవెనక కుటుంబమంతా పనిలో ఉంటుంది. ఒకరు బొమ్మనాడిస్తూ పాడతారు, ఒకరు మద్దెల వాయిస్తారు, యుద్ధం వచ్చినప్పుడు కాలి కింద చెక్కపలకలు టపటపా తొక్కుతారు. హనుమంతుడు సముద్రం దాటే సుందరకాండ ఆడుతుంటే పిల్లలు తెర ముందు నుంచి కదలరు. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి బూతూ నీతీ కలిపి నవ్విస్తారు. నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చుంటారు. సాహస కథను ఆరుబయట తెర మీద చూపించే విద్య ఇది. ట్రెంటో పుట్టకముందు కొన్ని వందల ఏళ్ల నాటిది. ఇప్పుడా చేతులు ఎక్కువగా ల్యాంపు షేడ్లు, గోడ బొమ్మలు చేసి ఎగ్జిబిషన్లలో అమ్ముకుంటున్నాయి. బొమ్మ బతికింది, ఆట తగ్గిపోయింది.

సినిమా వచ్చాకా మన దగ్గర తెర ఊరూరా తిరిగింది. తిరుచ్చి రైల్వేలో ఉద్యోగిగా ఉన్న స్వామికన్ను విన్సెంట్ 1905లో ప్రొజెక్టరు కొని దక్షిణాదిన ఊరూరా బొమ్మలు చూపించాడు. తర్వాత కొన్నేళ్లకు మన మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోన్‌తో ఊళ్లు తిరిగారు. ఆ పైన టూరింగ్ టాకీసులు వచ్చాయి. డేరా, నేల టిక్కెట్టు, రీలు మారినప్పుడల్లా ఈలలు. సమాచార శాఖ వ్యాను పల్లెకొస్తే రచ్చకట్ట దగ్గర 16 ఎంఎం బొమ్మ పడేది. ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల డాక్యుమెంటరీల్లో హిమాలయాలు, పర్వతారోహకులు కనిపించేవారు. అంటే మంచుకొండను మన పల్లె మొదటిసారి చూసింది ఆరుబయట తెర మీదే. ఎవరూ దాన్ని ఫెస్టివల్ అనలేదు, అంతే తేడా.

ఇప్పుడు చేయాలంటే అడ్డొచ్చేవి ఏమిటి? మొదటిది గాలి. తెలియనివాళ్లు వాన గురించి భయపడతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట వాన వల్ల ఆట ఆగే రాత్రులు కొద్ది. ఆషాఢ, శ్రావణాల్లో వీచే గాలి మాత్రం తెరను నిలబడనివ్వదు. ధర్మవరం పక్కన రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. బిగించిన గుడ్డ తెర ఆ గాలికి డప్పులా కొట్టుకుంటుంది, స్తంభాలు వంగుతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉన్న కాస్త వానా పడుతుంది. కాబట్టి సంక్రాంతి దాటాక శివరాత్రి లోపు చేయాలి. హిందూపురం ఆరొందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, ఆ రోజుల్లో రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. దుప్పట్లు తెచ్చుకోమని కరపత్రంలోనే రాయాలి.

రెండోది చట్టం. పబ్లిక్‌గా వేసే సినిమాకు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి. విదేశీ సాహస సినిమాలకు అది ఉండదు. ఉత్సవాల కోసం కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది, దానికి ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. సినిమా తీసినవాడి అనుమతి వేరే. యూట్యూబులో ఉంది కదా అని మైదానంలో వేసేయడం కుదరదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికుంది. దానికోసం ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు. చీకటి ఏడింటికల్లా పడుతుంది, మూడు గంటలు చాలు. ఆడవాళ్లు, పిల్లలు ఆఖరి బస్సు అందుకోవాలన్నా పదింటికి ముగించడమే మంచిది.

మూడోది చోటు. లేపాక్షి అనగానే గుడి ముందే తెర కట్టేద్దామంటారు. వీరభద్రాలయం, నంది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అనుమతి లేకుండా అక్కడ వినోద కార్యక్రమం చేయడం కుదరదు, కుదిరినా చేయకూడదు. ప్రభుత్వం లేపాక్షి ఉత్సవాలు జరిపినప్పుడు జనం ఎంతగా వస్తారో అందరూ చూశారు. కానీ సినీతారలు, పాటలు, బాణసంచా ఉన్న ఉత్సవంలో యాత్రా రచయిత మాట ఎవరి చెవికీ ఎక్కదు. లేపాక్షిని పగటికి ఉంచుకోవాలి. గుడి పైకప్పు మీద కిరాతార్జునీయం బొమ్మల కథగా పరుచుకుని ఉంది. అడవి, వేట, పంది, పోట్లాట అన్నీ అందులో ఉన్నాయి. రచయితతో కలిసి పిల్లలు తలలెత్తి అది చూసొస్తే రాత్రి సినిమాకు సగం పాఠం అయినట్టే. తెర మాత్రం హిందూపురం పట్టణంలో, ఏదైనా హైస్కూలు మైదానంలో పడాలి. తెలుగు, కన్నడ రెండూ మాట్లాడే ఊరు కనుక తుమకూరు, మధుగిరి వైపు నుంచి కొండలెక్కే కుర్రాళ్లూ వస్తారు.

నన్నడిగితే మొదలు పెట్టాల్సింది పెనుకొండలో. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. ఘనగిరి అని పాత పేరు. కొండ చుట్టూ కోటగోడ, కింద గగన్‌మహల్, బాబయ్య దర్గా, పార్శ్వనాథ బసది, అన్నీ నడిచి చూడగల దూరంలోనే ఉన్నాయి. ఉరుసుకు నలుదిక్కుల నుంచి జనం రావడం ఊరికి అలవాటే. అయితే కొండ మీద రాత్రి తెర కడదామనే ఉత్సాహాన్ని మొదట్లోనే తుంచేయాలి. దారులు పాడైనవి, గోడలు వదులైనవి, ఎలుగుబంట్లు తిరిగే సీమ. తెల్లవారుజామున కొండ, సాయంత్రం కింద బడి మైదానంలో తెర, అదీ వరస. ఎర్రమంచి దగ్గర 2019లో ప్రారంభమైన కియా కార్ల కర్మాగారం ఊరి ఆర్థిక ముఖాన్ని మార్చేసింది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు పెట్టమంటోంది. విద్య, కళలు, వారసత్వ రక్షణ ఆ జాబితాలో ఉన్నాయి. అడిగే పద్ధతిలో అడిగితే డబ్బు లేదన్న మాట నిలవదు. కానీ బ్యానరు నిండా కంపెనీ పేరు, మూలన రచయిత పేరు ఉండే రకం సాయమైతే వద్దనుకోవడమే మేలు.

ధర్మవరానికి వేరే లెక్క. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పొద్దంతా కూర్చున్న నేతగాడికి సాయంత్రం బయటికొచ్చి కూర్చునే వీలుంటే చాలు, కొండెక్కే పాఠం అక్కర్లేదు. ఇక్కడ నిమ్మలకుంట బొమ్మలే మొదటి ఆట కావాలి. బొమ్మలాట వాళ్లకు రచయితతో సమానంగా పారితోషికం ఇవ్వాలి, కరపత్రం మీద సమానంగా పేరు వేయాలి. తిరుమల రామచంద్ర పుస్తకం నుంచి ఒక ఘట్టం ఎవరైనా బాగా చదవగల మనిషి చదవాలి.

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. సాహసం డబ్బున్నవాళ్ల సరదా అనీ, కరువు సీమలో బెంగుళూరుకు వలసపోయే కూలీ రోజూ చేసేదే అసలు సాహసమనీ అంటారు. రెండో సగం నేనూ ఒప్పుకుంటాను. మొదటి సగానికి పూర్ణే జవాబు. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమెకు డబ్బు కంటే ముందు దొరికింది గురుకులం, ఒక కోచ్, భువనగిరిలో ఒక బండ. ఇక వలసకూలీ కథ కూడా ఇదే వేదిక మీద ఎందుకు చెప్పకూడదు? లారీ క్లీనరుగా దేశం తిరిగినవాడు, గొర్రెల మందతో నెలల తరబడి ఊళ్లు దాటినవాడు మైకు ముందుకొస్తే మన సాహస సాహిత్యానికి కొత్త గొంతు దొరుకుతుంది. రాయడం రాకపోతే చెప్పనివ్వండి, రాసేవాళ్లు రాస్తారు.

ఇంకొక భయం, పిల్లలు సినిమా చూసి గుట్టలెక్కి పడతారేమోనని. వాళ్లు ఇప్పటికే ఎక్కుతున్నారు, సెల్ఫీల కోసం, ఎవరికీ చెప్పకుండా, చెప్పులతో. ఎలా ఎక్కాలో, ఎక్కడ ఆగి వెనక్కి రావాలో తెలిసిన మనిషి చెబితేనే ప్రమాదం తగ్గుతుంది. మంచి సాహస రచయితలు ఎక్కిన శిఖరాల కంటే దగ్గరదాకా పోయి తిరిగొచ్చిన సందర్భాలే ఎక్కువ చెబుతారు. వేదిక మీదికి పిలిచేటప్పుడు అలాంటివాళ్లను ఎంచుకోవాలి.

భాష విషయంలో మాత్రం బేరం వద్దు. ఇంగ్లీషు సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్సు వేసి ఊరుకుంటే వెనక వరసలవాళ్లకు అక్షరాలు కనపడవు, చదువురానివాళ్లకు అసలే అందవు. పాత మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాత ఉండేవాడు. హరికథ, బుర్రకథ చెప్పగలవాళ్లు ఇంకా ఉన్న సీమ ఇది. పావుగంట సినిమాకు పక్కన నిలబడి రాయలసీమ యాసలో కథ చెప్పే మనిషి దొరక్కపోడు. ఖర్చు తక్కువ, పట్టు ఎక్కువ.

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఉపాధ్యాయులకు, గ్రంథాలయాలవాళ్లకు, కొండలెక్కే కుర్రాళ్లకు ఒక విన్నపం. వచ్చే మాఘంలో ఒక్క రాత్రి చాలు. ఒక బడి మైదానం అడగండి. ఒక యాత్రా రచయితకు రైలు టిక్కెట్టు, బస, పారితోషికం ముందే పంపండి. వేదిక మీద ఆయనకొక్కడికే కుర్చీ వేయండి. శాలువా ఖర్చుతో ఆయన పుస్తకాలు కొని బడి లైబ్రరీలో పెట్టండి. మైకు గంటసేపు ఆయన చేతిలోనే ఉండనివ్వండి.